గురునాథం మాస్టారి తొమ్మిది చెక్కలు

చౌల్దారీ ఊరి బడిలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన గురునాథం మాస్టారికి వడ్రంగులంటే నమ్మకం లేదు. కంటిచూపుతో కొలిచేవాళ్లు ఆయన దృష్టిలో మనుషులే కారు. అందుకే కోళ్లగూడు తానే కట్టడానికి పూనుకున్నారు.

గూడు ముందువైపు రెండు గుంజల మధ్య సరిగ్గా ముప్పై ఆరు అంగుళాలు. నాలుగంగుళాల చెక్కలు తొమ్మిది చాలు. గోల్ ఘర్ బజారులో తన పాత శిష్యుడు నూకన్న నడిపే కలప దుకాణం నుంచి, నున్నగా చిత్రిక పట్టినవి లెక్కపెట్టి మరీ తెచ్చారు.

ఒక పక్కనుంచి మేకులు కొట్టుకుంటూ వచ్చారు. చెక్కలు అయిపోయాయి, గూడు అవలేదు. ఇంకా నాలుగున్నర అంగుళాల సందు!

మాస్టారు చెక్కల్ని అనుమానించలేదు, తనను తాను అనుమానించుకున్నారు. "తొమ్మిది నాలుగులెంత?" అని వంటింట్లోకి కేకేశారు.

"ముప్పై ఆరు," అంటూ భార్య అరుణకుమారి కంగారుగా వచ్చి ఆయన నుదురు తాకి చూసింది.

సందులో గోనెసంచి కుక్కి పడుకున్నారు. తెల్లారేసరికి సంచి బయట, కోళ్లు పక్కింటి బెండమడిలో.

మాస్టారు ఒక చెక్క ఊడబీకి, ఈసారి టేపు పెట్టి చూసి, చంకన పెట్టుకుని బస్సెక్కారు. "యే క్యా హై, అంకుల్?" అన్నాడు కండక్టర్.

"సబూత్!" అన్నారు మాస్టారు, ఆ సాక్ష్యాన్ని చంకలో బిగించుకుంటూ.

దుకాణంలో నూకన్న ముందు టేపు పరిచారు. "నాలుగన్నావు. మూడున్నరే ఉంది!"

"రంపం కాడ అది పూరా నాలుగే, సార్. పచ్చికర్ర ఎండితే చిక్కిపోద్ది. ఆపైన చిత్రిక పడితే ఇంకాస్త పోద్ది. పేరు మాత్రం రంపం కాడ పెట్టిందే ఉండిపోద్ది."

"మూడున్నర అనే అమ్మొచ్చుగా?"

"అందరూ నాలుగంటారు సార్. నేనొక్కణ్ణీ మూడున్నరంటే నా కర్ర బక్కదనుకుని పక్కకొట్టుకి పోరేటి?"

"అంటే అందరూ కలిసి అబద్ధమాడతారు!"

నూకన్న తల గోక్కున్నాడు. "మీ లెక్కల క్లాసుని ఫస్ట్ అవర్ అనేవోరు కదేటి? ఎన్ని నిమిషాలు సార్ అది?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నలభై."

"అందులో హాజరుకే పది చిత్రిక పట్టేసేవోరు!"

మాస్టారికి కోపం రావాలి. నవ్వొచ్చింది. కాసేపు కళ్లు మూసుకుని లెక్కేశారు. "అయిదంగుళాలది కూడా ఎండి, చిత్రిక పట్టాక అరంగుళం తగ్గుతుందా?"

"బిల్కుల్."

"అయితే అదొకటియ్యి."

మధ్యాహ్నానికి పాత చెక్క దాని చోటికి చేరింది. అయిదంగుళాల పేరున్న చెక్క నాలుగున్నర అంగుళాల సందులో కొలిచినట్టు కూర్చుంది. గూడంతా కట్టినప్పుడు కలగని గర్వం ఆ ఒక్క చెక్కతో కలిగింది. కోళ్లు మాత్రం బెండమడి రుచి మరిగి రెండు రోజులు గూటికి రాలేదు.

ఇప్పుడు చౌల్దారీలో ఎవరు కలప కొనాలన్నా ముందు మాస్టారిని అడుగుతారు. ఆయన టేపు పట్టుకుని, ప్రతి చెక్కా కొలవడానికి వాళ్లతో స్వయంగా బయలుదేరతారు. మాస్టారు బస్సు దిగడం చూడగానే నూకన్న ఆ పూటకి బేరాలు మానుకుని టీ చెప్తాడు.