తునికాకు ఏసి మోరీ కొలిచిన సారు

క్వార్టర్ల జనాలందరికీ తెలియజేయునది ఏమనగా, ఇయ్యాల పొద్దుగాల గూడ మా మోరీ, అదే మురికినీళ్ళ కాలువ, పొంగలేదు. ఇదొక వార్తనా అని నవ్వకున్రి. అది పొంగకుండ చేసిన ఓవర్సీర్ సారు మొన్న కల్లూరుల కాలం చేసిండు. కబురు నిన్న అందింది.

కొత్తగూడెంల మా బొగ్గుబాయి క్వార్టర్లు నలభై ఇండ్లు. పల్లం దిక్కు కడాకరి ఇల్లు మాదే. షిఫ్ట్ దిగిన సైరన్ కూసిందంటే అందరు ఒక్కపాలే స్నానాలకు కూసుందురు. ఆ నల్లనీళ్ళన్నీ ఎనక్కి తన్ని మా అమ్మ వంటింట్లకు వచ్చేటియి.

పన్నెండేండ్ల కింద, కంపెనీవోళ్ళు భూమి లోపల పైపు ఏస్తమన్నరు. పెద్దసారు రోజంతటి నీళ్ళను ఇరవైనాలుగు గంటలకు పంచి, చిన్న పైపు చాలన్నడు. ఆయన కింద పనిచేసే మా ఓవర్సీర్ సారు ఒప్పలె.

"గంటకు ఇంత అని ఎవడు స్నానం చేస్తడు సార్? సైరన్ అయినంక వచ్చే నీళ్ళకే పైపెయ్యాలె."

"అయితే కొలిచి చూపెట్టు" అన్నడు పెద్దసారు.

ఇగ రోజూ సైరన్ టైముకు వచ్చేటోడు. సుద్దగీతలు పెట్టిన కట్టె మోరీల నిలబెట్టి లోతు చూసేటోడు. ఒక తునికాకు నీళ్ళల్ల ఏసి, అదెంత జల్దీ పోతాందో గడియారం చూసి రాసుకునేటోడు.

"ఏంది సారూ, ఆకును బస్సెక్కిస్తున్నరా?" అన్న నేను.

"అవ్‌రా. నువ్వూ ఎక్కు, నీ బరువుకు పైపు సైజు పెంచుత."

ఒకనాడు ఇండ్లన్నిటికి చెప్పిపెట్టిన. నేను ఈల ఏస్తే బకెట్లు, డ్రమ్ములు ఒక్కసారే గుమ్మరియ్యాలె. ఈల ఏసిన. నీళ్ళు పైగీత దాటి సారు చెప్పును ఎత్తుకపోయినయి. ఆయన పంట్లాం ఎత్తి చెప్పు ఎనక ఉరికిండు. నేను పోయి, పరాచకమాడిన సారూ అని ఒప్పుకున్న. ఆయన రాసిన అంకె కొట్టేసిండు. "దొంగనీళ్ళకు పైపెయ్యరాదురా" అన్నడు.

శ్రీరామనవమి వచ్చింది. పొద్దుగాల రాత్రి షిఫ్టోళ్ళు దిగినరు. అదే టైముకు భద్రాచలం కళ్యాణానికి పోయేటోళ్ళు, బస్సు అందాలని అందరు తలస్నానాలు. నా పరాచకం నాడు నీళ్ళు ఎక్కినకాడికి వేలెడు కిందిదాక వచ్చినయి.

సారు రాసుకొని నా దిక్కు చూసిండు. "చూసినవా? ఈసారి ఈల ఎవ్వడెయ్యలె."

ఆ అంకెకే పెద్ద పైపొచ్చింది. మా అమ్మ ఉన్నన్నాళ్ళు పొడి పొయ్యి మీద వండుకున్నది.

ఇగ ఈ ముచ్చటల నేను అబద్ధం కలిపినయి చెప్త. చెప్పు కొట్టుకపోలె. సారు చెప్పులు గోడ మీద పెట్టే మోరీల దిగేటోడు. నేను ఒప్పుకోలె, భయానికి స్నానాల గదిల దాక్కున్న. ఆయనే మా ఇంట్లకొచ్చిండు. ఈల ఏసినోడు ఏడి అని అడగలె. "అమ్మా, ఇంట్ల నీళ్ళు ఎందాక వస్తయి?" అన్నడు. ఆమె బొగ్గుముక్కతోని గోడకు గీత గీసి చూపెట్టింది. ఏనాడూ నీళ్ళు అది దాటలేదన్నది. సారు దొంగ అంకె కొట్టేసింది ఆ గీత ముంగట్నే.

ఎన్నిసార్లు సున్నమేసినా ఆ గీత మీద ఎయ్యలె. ఇయ్యాల సైరన్ అయినంక పోయి చూసిన. గీత కింద గోడ పొడిగున్నది.