తీగల దారులు గీసిన మేడం

మా నిజామాబాద్ ఇంజినీరింగ్ కాలేజీలో చిప్ డిజైన్ చెప్పిన మేడంది బోధన్. ఏ పటం ముందుపెట్టినా మొదట చూపుడువేలితో దాని గీతల వెంట నడిచేవారు. మా కాలేజీకి రాకముందు హైదరాబాదులో ఏళ్ల తరబడి, చిప్‌లోని సన్నని తీగల దారులను ఒక్కొక్కటిగా స్వయంగా గీసిన మనిషి.

రెండువేల దశకం తొలినాళ్లలో ఆ దారులను తనంతట తానే గీసే సాఫ్ట్‌వేర్ మా ల్యాబుకు వచ్చింది. మేడం రోజుల తరబడి కూర్చుని గీసిన చిప్‌నే దానికీ ఇచ్చాం. మేం క్యాంటీన్‌లో చాయ్ తాగి వచ్చేసరికి అది పని ముగించింది. పైగా మేడం గీసినదానికంటే తక్కువ చోటులో ఇమిడ్చింది. ఆమె మనసు నొచ్చుకుంటుందేమోనని మేం భయపడ్డాం.

మేడం తెరమీద ఒక తీగ వెంట వేలు జరుపుతూ పోయి, ఒక మలుపు దగ్గర ఆగి, పకపకా నవ్వారు.

"అరె, గీ తోవ నాకెందుకు దొరకలే! మస్తు గీసింది. ఇగ గీసుడు దానికే ఇడిసిపెడదాం."

"మరి మనమేం చేద్దాం మేడం?" అన్నాను.

ఆమె నా పక్కనున్న వేల్పూర్ పసుపు రైతు కూతురివైపు తిరిగారు. "మీ బాపు పసుపు ఎండిందో లేదో ఎట్ల తెలుసుకుంటడు బిడ్డా?"

"కొమ్ము ఇరిసి సప్పుడు ఇంటడు మేడం."

"అయితే గా సప్పుడును గుర్తువట్టే చిప్ చేద్దాం. ముందుగాల మనం ఇనాలె గదా!"

ఆ ఆదివారం ఆమె మాతోపాటు వేల్పూర్ కళ్లంలో కూర్చుని, చెవి దగ్గర పెట్టుకుని కొమ్ములు విరుస్తూ, పొద్దుగూకినా లేవలేదు. చీరకొంగంతా పసుపైంది.