సవరిముత్తుకు దొరకని సుత్తి

సాత్తూరు రోడ్డు పక్కన ఎద్దులకు లాడాలు కొట్టే సవరిముత్తుకు, సరిగ్గా పని మొదలుపెట్టే వేళకు సుత్తి కనబడదు. లాడాలుంటాయి, మేకులుంటాయి, ఎద్దు కాళ్లు కట్టే తాడుంటుంది. సుత్తి మాత్రం ఉండదు.

ఒకసారి అది గంజికుండలో దొరికింది. ఇంకోసారి గంపలో, పొదుగుడు కోడి కింద. ఆ కోడి ఎంత శ్రద్ధగా కూర్చుందంటే, ఇంకాస్త ఆగివుంటే సుత్తిపిల్లలు దిగేవని బండివాళ్లు ఒట్టేసి చెప్పేవారు. తంగసామి అనే బండివాడు జాలిపడి విరుదునగరం నుంచి కొత్త సుత్తి తెచ్చిచ్చాడు. ఆనాటి నుంచి సవరిముత్తు రెండు సుత్తులు పోగొట్టుకోసాగాడు.

మిగతా విషయాల్లో అంత పద్ధతైన మనిషి లేడు. తమిళనాట ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడే కోవిల్‌పట్టి నాయకర్ల ఎద్దులకు తెలుగు తప్ప రాదని, వాటికోసమే తెలుగు నేర్చుకున్నాడు. పనికి ముందు సిలువ గుర్తు వేసుకుని, పక్కన ఒక పీట వాల్చేవాడు. దానిమీద ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు.

"ఆ పీట ఎవురికన్నా?" అని బండివాళ్లు అడిగేవారు.

"యేసు సామికి. ఆయనా వడ్రంగే కదా! ఎద్దు మెడ తడిమి సూసి కాడి చెక్కినోడు. పని జరిగే తావు ఇడిసి యాడికి పోతాడు?"

"కోయిల్లో ఉండడా?"

"ఆదివారం పోతాడు. మిగిలిన దినాలు ఈడే."

పంతొమ్మిది వందల ముప్ఫై రెండో సంవత్సరం వేసవిలో పెరుమాళ్‌సామి నాయకర్ ఏడాది పత్తంతా బండికెత్తి విరుదునగరం బయల్దేరాడు. సాత్తూరు దాటగానే ఎడమ ఎద్దు లాడం ఊడి కుంటసాగింది. అప్పుడే తూత్తుకుడి వైపు ఆకాశం నల్లబడింది. బండికి గూడు లేదు. తడిసిన పత్తిని మండీవాళ్లు చేత్తో కూడా ముట్టరు.

"సవరిముత్తన్నా, బిరీన కొట్టు! వానొస్తా ఉండాది!"

సవరిముత్తు ఎద్దు మూతి మీద నురగ తుడిచాడు. కాడి దింపి నీళ్లు పెట్టాడు. ఎద్దులను బండి నీడలో కట్టి చొప్ప వేశాడు. తరువాత నడుం మీద చేతులుంచుకుని, "సుత్తి యాడ పెడితినో!" అన్నాడు.

"అయ్యో, ఈ పొద్దేనా అన్నా?"

"మీరు ఇంట్లో సూడండి నాయకరే. నేను ఈ పక్క సూస్తా."

పెరుమాళ్‌సామి కట్టెలమోపు విప్పాడు. పొయ్యిలో బూడిద కెలికాడు. కోళ్లగూట్లో తలపెట్టి, కోళ్లు చేసిన మర్యాదంతా తలపాగా మీద మోసుకుని బయటకొచ్చాడు. ఎండుమిరపకాయల తొడిమలు తుంచుతున్న సవరిముత్తు భార్య ఇసక్కియమ్మాళ్‌కు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"సాలు నాయకరే. ఆయన నడుం ఎనక, తుండు కింద ఉండాది."

"తెలిసేనా దాచినాడు?"

"ఎద్దు నురగ కక్కుతా వస్తే ఆయనకు సుత్తి పోతుంది. దాని ఊపిరి కుదురుకున్నాక దొరుకుతుంది. దానికి అలుపు తీరనీండంటే మీ బండోళ్లు ఇంటారా? సుత్తి ఎతకమంటే ఎతుకుతారు."

"నా పత్తి తడిసిపోతుందే!" అని కేక పెడుతూ పెరుమాళ్‌సామి బయటికి ఉరికాడు. ఉరికినవాడు అక్కడే నిలబడిపోయాడు.

ఇంటి ముందు సవరిముత్తు లాడాలు కొట్టే పాకకు కప్పు లేదు. తాటాకులన్నీ పత్తిబండి మీద ఉన్నాయి. వాటిమీద నిలబడి సవరిముత్తు చివరి ముడి వేస్తున్నాడు.

"సుత్తి ఎతుకుతా ఎతుకుతా పైకెక్కితిని నాయకరే," అన్నాడు తల గోక్కుంటూ. "ఈడా లేదు."

అంతలో వాన దబదబా దిగింది. సవరిముత్తు కిందికి దిగేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. పత్తి మీద ఒక్క చుక్క పడలేదు. తుండు ఒంటికి అతుక్కుపోవడంతో, వెనక సుత్తిపిడి ఊరందరికీ కనబడేంత స్పష్టంగా పొడుచుకొచ్చింది. సవరిముత్తు తప్పు చేసినవాడిలా మెల్లగా చెయ్యి వెనక్కి పోనిచ్చాడు.

పెరుమాళ్‌సామి వంగి బండి కిందికి చూశాడు. పొడినేల మీద ఎడమ ఎద్దు గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది.

"ఇంకొంచెం సేపు ఎతుకన్నా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇప్పుడే కునుకు పట్టినాది."