క్లెమ్ డూలన్ కొన్న సీసా మూతలు

క్లెమ్ డూలన్ పాత సీబీ రేడియోలు కొనేవాడు. లారీవాళ్లూ రైతులూ బండిలో బిగించుకుని, మైకు నొక్కి ఒకరితో ఒకరు మాట్లాడుకునే డబ్బాలవి. అతని షెడ్డులో నూటపద్నాలుగు ఉండేవి. పలికేవి పాతికకు మించవు. మా ఊరు కూరాబిన్‌లో ముప్పై ఏళ్లు కౌన్సిల్ వారి గ్రేడరుతో మట్టిరోడ్లు చదును చేసి రిటైరయ్యాడు. ఆ బండి ఎంత మెల్లగా నడిచేదంటే, రేడియోలో మాట్లాడేటప్పుడు తన పేరు 'నత్త' అని తనే పెట్టుకున్నాడు. మా ఊళ్లో సగంమందికి అతని అసలు పేరు తెలియదు.

అతనికొక నియమం ఉండేది. ఏ రేడియోకీ పది డాలర్లు దాటి ఇవ్వడు. అది పిసినారితనం కాదు.

"డబ్బు పడేస్తే ఎవడైనా కొంటాడు. పది లోపు దొరికిందంటే అది నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టు" అనేవాడు.

అతని భార్య మోయిరాకు ఈ వేదాంతం పట్టలేదు గానీ, నియమం మాత్రం బాగా పట్టింది. "పది దాటిన రోజున షెడ్డు నాది. కుట్టుమిషను అక్కడే పెట్టుకుంటా" అని ఊరంతా వినేలా చెప్పింది. ఇరవైమూడేళ్లుగా ఆమె షెడ్డు వైపు చూస్తూనే ఉంది.

ఆ ఏడు వార్డెల్ దంపతులు పొలం అమ్మేసి, సముద్రం ఒడ్డుకు మారిపోతూ సామానంతా వేలానికి పెట్టారు. నాగళ్ల దగ్గర్నుంచి టీకప్పుల దాకా ఎండుగడ్డి మీద వరసలుగా పరిచారు. నేను ఒక పెట్టెడు పుస్తకాల కోసం వెళ్లాను. క్లెమ్ మాత్రం ఐదో వరసలో, గుర్రపు దుప్పటి కింద, ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నదాన్ని చూశాడు. పల్లెల్లోకి మొట్టమొదట వచ్చిన రకం రేడియో సెట్టు, గీత కూడా పడలేదు. పైకి కనిపిస్తే ఎవడైనా వంద అంటాడు. అందుకని, వేలాల్లో అందరూ చేసి ఎవరూ ఒప్పుకోని పని క్లెమ్ కూడా చేశాడు. పక్కన జామ్ సీసాల మూతలున్న పెట్టెలో, నాలుగు వందల మూతల అడుగున దాన్ని పాతేసి, పైన పేపరు పరిచాడు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ మొదటి వరసలో ఇంకో మామూలు సెట్టు రెండు డాలర్లకు పాడుకుని ఉన్నాడు. దాన్ని తన యూట్ అనే చిన్న ట్రక్కు బ్యాటరీకి తగిలించి చూస్తున్నాడు. దాని మైకు బటను లోపలికి దిగి ఇరుక్కుపోయిందని, ఊళ్లో అందరూ వినే ఛానలు మీదే ఉందని చూసుకోలేదు. స్నేహితుడు వాలీ కిటికీ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"వాలీ, ఎవరితోనూ అనకు. ఐదో వరసలో మూతల పెట్టె ఉందే, దాని అడుగున పెట్టా."

"ఏం పెట్టావురా?"

"నేను చచ్చేలోగా చూస్తానా అన్న సెట్టు. మూతలకి రెండు డాలర్లంటా, అయిపోద్ది. ఆ గ్రాంట్‌గాడికి నోరే గానీ కళ్లు లేవు."

మైదానంలో అరవై యూట్‌లు ఆగి ఉన్నాయి. అన్నింటి తలుపులూ తెరిచే, రేడియోలు వేసే ఉన్నాయి. ఈ మాటలు అన్నింట్లోంచీ ఒక్కసారిగా వచ్చాయి. పుస్తకాల మీద వంగిన నాకు నాలుగు వైపుల నుంచీ వినిపించాయి. వేలం నడిపే గ్రాంట్ కూడా పాట ఆపి విన్నాడు.

"ఎవడోగానీ వాలీ, గొంతు అచ్చం నాలాగే ఉంది" అన్నాడు క్లెమ్. అదీ అరవై యూట్‌లలోంచి వచ్చింది.

ఐదో వరస వచ్చేసరికి గ్రాంట్ ముఖంలో ఏ భావమూ లేదు. "సీసా మూతలు. నాకెలాగూ కళ్లు లేవు, అడుగున ఏముందో చెప్పలేను. ఎంతంటారు?"

"రెండు" అన్నాడు క్లెమ్.

"మూడు. ఎందుకో ఇవాళ జామ్ మీదకి మనసు పోయింది" అన్నాడు గొర్రెల బొచ్చు కత్తిరించే మనిషి.

"నాలుగు. మా ఆవిడకి మూతలంటే ప్రాణం" అన్నాడు వెనకనుంచి ఒక కుర్రాడు.

"నీకు పెళ్లెప్పుడైందిరా?"

"చేసుకుందామనే మూతలు కొంటున్నా. నత్తగారూ, కాస్త తొందరగా పాడండి, పొద్దు గుంకుతోంది."

క్లెమ్ పది అనగానే అందరూ ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు. ఏడిపించడమే గానీ అతని షెడ్డు పోగొట్టాలని ఎవరికీ లేదు. పాట ముగించడానికి గ్రాంట్ కర్ర ఎత్తాడు.

"పన్నెండు" అంది ఎనిడ్ ప్రాట్.

చర్చి అంగడికి జామ్ చేసేది ఆమే. ఆమె అప్పుడే వచ్చింది, కారులో రేడియో లేదు. ఆమెకు నిజంగానే మూతలు కావాలి.

"వదిలెయ్‌రా" అన్నాడు వాలీ. టీ బల్ల దగ్గర మోయిరా కప్పు కింద పెట్టింది.

క్లెమ్ పదిహేను అన్నాడు. ఎనిడ్ ముప్పై ఆరు దాకా వచ్చింది. క్లెమ్ ముప్పై ఎనిమిది అనేసరికి, "మూతల కోసం ఇంత మొండితనమా క్లెమ్?" అని తప్పుకుంది.

మోయిరా చెయ్యి చాచింది. "తాళం."

క్లెమ్ జేబు దాకా వెళ్లిన చెయ్యి ఆపాడు. "మోయిరా, మూతల మీద ఎనిడ్ ఎంత దాకా వచ్చింది?"

"ముప్పై ఆరు."

"రేడియో ఉందని ఆమెకి తెలుసా?"

"ఏ రేడియో?" అంది ఎనిడ్.

"చూశావా. అవి ముప్పై ఆరు డాలర్ల మూతలు. రేడియోకి పడింది రెండే."

"అయితే ఆ ధరకి ఎనిడ్‌కే అమ్మెయ్, చూద్దాం" అంది మోయిరా.

"పాట ఊపులో అన్నాను గానీ, ఇప్పుడైతే ఇరవై ఇస్తా" అంది ఎనిడ్.

ఇరవైకి అమ్మితే రేడియో పద్దెనిమిది అవుతుంది. క్లెమ్ పెట్టెను గుండెకు హత్తుకున్నాడు. "నేను అమ్మను. నాకు మూతలు కావాలి."

"ఎందుకు?"

"జామ్‌కి."

"మంచిది. ముప్పై ఆరు డాలర్ల మూతలు ఒక్కటి వృథా అయినా ఊరుకోను" అంది మోయిరా.

ఆ వేసవంతా క్లెమ్ ఆప్రికాట్లు తరిగాడు. జామ్ చేయడం ఎనిడే నేర్పింది, తిడుతూ. సీసాలకు చోటు కావాలని షెడ్డులో రెండు గోడల రేడియోలు మంచం కిందికి పోయాయి. షెడ్డు మాత్రం ఇప్పటికీ అతనిదే. జామ్ కొంచెం మాడువాసన వేస్తుంది. నా దగ్గర పదకొండు సీసాలున్నాయి.