తాండూరులో ఖాట్మండు టైం

మొన్న తాండూరు బస్టాండుల, బస్సు నిండ జనం చూస్తుంటే, "తప్పు నాది" అన్న. పెండ్లయి ఇరవై రెండేండ్లల ఆ మాట నా నోట ఒక్కసారి వినని మా ఆయన, ఎవరన్న వీడియో తీసిండ్రా అని ఇంకా అడుగుతనే ఉన్నడు. ఏమైందో వినుండ్రి.

బస్టాండు పక్క సందుల నాదొక చిన్న దుకాణం. జిరాక్స్ తీస్త, ఆన్‌లైన్ ఫారాలు నింపుత. వికారాబాద్‌ల మావోళ్లు ఏడో తరగతికే నా బడి మాన్పిచ్చిండ్రు. మిగిలిన సదువంత, మిర్చి పొట్లం కాగితం కాడికెళ్లి లైబ్రరీ పుస్తకాల దాక, దొరికిందల్ల సదివి నేనే సంపాదించుకున్న. అందుకే ఫారంల స్పెల్లింగ్ తప్పు కనబడితే నాకు ఒళ్లు మండుతది. లేటుగొచ్చేటోళ్లను చూస్తే ఇంకా మండుతది. గోడకు బోర్డే రాసి పెట్టిన: "ఇక్కడ కంప్యూటర్ టైమే టైం."

సోమవారం ఆ కంప్యూటర్ అప్‌డేట్ అడిగింది. చేసుకో తల్లీ అన్న. గంటన్నర గిర్రున తిరిగి లేచింది. పొద్దుగాల పది గంటలకు, "నిన్న రాత్రి తొమ్మిదిన్నర" అని చూపెట్టింది! అమెరికా టైమట. సెట్టింగుల్లకు పోయి ఊర్ల లిస్టు తెరిచిన. చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ, నాలుగూ ఒక్క వరుసల దర్జాగ కూసున్నయి. మరి హైదరాబాద్ ఏది? పైకి పోయిన, కిందికి పోయిన. లేదు! "ఇంత పెద్ద ఊరు కనబడలేదారా మీ కండ్లకు?" అని తెరనే తిట్టిన. చెన్నై మీద ఒత్తనీకి చెయ్యి రాలే. జర కిందికి ఖాట్మండు కనబడ్డది. పశుపతినాథుడుండే ఊరు, మనతోని ఏ పేచీ లేదు. ఒత్తిన.

పదీ ఇరవై అని చూపెట్టింది. గోడ గడియారమేమో పదీ అయిదు అంటున్నది. కొత్తగ అప్‌డేట్ అయిన కంప్యూటర్ తప్పు చెప్తదా? గోడ గడియారాన్నే పావుగంట ముందుకు తిప్పిన. చేతి గడియారాన్ని గూడ. ఊర్ల పేర్ల పక్కన ఏవో అంకెలున్నయి గని, అంత కోపంల అంకెలు ఎవరు సదువుతరు?

అప్పటిసంది లోకమంత లేటైంది. ఒంటిగంటకు తిననీకొచ్చే మా ఆయనకు పావుగంట లేటని మూడు రోజులు సల్లన్నం పెట్టిన. ఎదురుంగ చాయ్ హోటల్ సత్తార్ భాయ్ చెప్పనే చెప్పిండు.

"అక్కా, మీ గడియారం జర ముందుకు పోతున్నట్టుంది. నా ఫోన్ల..."

"నీ ఫోన్‌కు సిగ్నల్ ఎన్నడు సక్కగ వచ్చింది భాయ్? నా గడియారం ఫికర్ ఇడిసిపెట్టి, చాయ్‌ల చక్కెర చూసుకో."

గురువారం సాయంత్రం దౌల్తాబాద్ నుంచి శిరీష అని ఒక పిల్ల వచ్చింది. వికారాబాద్‌ల హాస్టల్ ఉన్న డిగ్రీ కాలేజీ సీటుకు దరఖాస్తు. అయిదింటికి ఆఖరు. నా కంప్యూటర్‌ల అయిదూ ఒకటి.

"మేడం, ఫారమంత నింపిన. మార్కుల మెమో ఒక్కటి ఎక్కించాలె."

"మీ ఇంటి గోడకెక్కించుకో. అయిదింటికే బందయింది."

"నా ఫోన్ల నాలుగూ నలభై ఆరే ఉంది మేడం."

బోర్డు చూపెట్టిన. "సదువొచ్చు కద? సదువు."

పాపం, పైకే సదివింది.

"ఆఖరి రోజు ఆఖరి గంటల వస్తే, సీటు నీకోసం కుర్చీ ఏసుకొని కూసుంటదా?"

"మెమో ఇప్పుడే ఇచ్చిండ్రు మేడం... ఈ సీటు రాకుంటే మా ఇంట్ల సదువు బంద్ అన్నరు." కండ్లు తుడుసుకుంట బస్టాండు దిక్కు పోయింది.

చాయ్ తెచ్చిన సత్తార్ భాయ్ మొఖం మాడ్చుకున్నడు. "గంత మాటెందుకు అక్కా? పిల్ల ఏడ్చింది."

"సైట్ బందైతే నేనేం చేస్త? ఇగో, నువ్వే చూడు" అని తెరిచిన.

బంద్ కాలే. మీద ఎర్రటి అంకెలు వెనక్కి నడుస్తున్నయి: ఇంకా పదకొండు నిమిషాలు.

అప్పుడు పోయి ఆ ఊర్ల లిస్టు మళ్ల సదివిన. ఢిల్లీ పక్కన అయిదున్నర. ఖాట్మండు పక్కన అయిదు ముప్పావు, అంటే మనకన్న పావుగంట ముందు. ఏడో తరగతికి బడి మాన్పిచ్చిన మా నాయన గుర్తుకొచ్చిండు. ఆయనకైతె సదువు విలువ తెల్వదు, నాకేమొచ్చింది రోగం?

ఉరికిన. చెప్పు ఒకటి సందులనే ఊడిపోయింది. దౌల్తాబాద్ బస్సు కదులుతున్నది. అడ్డం పోయి రెండు చేతులతోని బస్సును దబదబ బాదిన.

"యాడికమ్మా?" అన్నడు కండక్టర్.

"యాడికీ లేదు! ఆ పిల్లను దింపు!"

"ఏమెత్తుకపోయింది?" అని వెనక సీటాయన లేసి నిలబడ్డడు. ఒక ముసలామె కన్నడంల "ఏనాయ్తమ్మా?" అని, ఏమైందని అడిగింది. శిరీష మొఖం తెల్లబడ్డది.

"ఏం ఎత్తుకపోలే! తప్పు నాది! నా గడియారం నేపాల్‌ల ఉన్నది. దిగు బిడ్డా, ఇంకా టైమున్నది!"

బస్సంత ఒక్కసారి నవ్వింది. సత్తార్ భాయ్ స్కూటర్ తెచ్చిండు. ముగ్గురం ఎక్కినం, నేను ఒక్క చెప్పుతోని. మెమో ఎక్కించి ఒత్తేసరికి ఎర్ర అంకెలల్ల ఇంక రెండు నిమిషాలు మిగిలినయి. రసీదు ప్రింట్ చేతికిస్తే ఆ పిల్ల నాలుగుసార్లు సూసుకొని, కింద సంతకం పెట్టింది.

ఇంకో బస్సుకు ముప్పావుగంట. కూసోబెట్టి చాయ్ తాగిపిచ్చిన. అటు తిరిగి, పండ్లు కొరుక్కుంట చెన్నై మీద ఒత్తిన. గోడ గడియారం వెనక్కి తిప్పిన. "వస్త మేడం" అని పోయింది. ఎంత మెత్తటి పిల్ల అనుకున్న.

తెల్లారి షట్టర్ తీసి చూస్తే, "ఇక్కడ కంప్యూటర్ టైమే టైం" కింద, నా మార్కర్‌తోనే, రసీదు మీది సంతకమసుంటి గుండ్రటి అక్షరాలు: "ఖాట్మండోళ్లకు మాత్రమే."

స్పెల్లింగ్ తప్పు దొరుకుతదేమోనని రెండుసార్లు సదివిన. దొరకలే.