చెయ్యి దించమన్న శారద గారు

నిన్న సాయంత్రం గుర్‌గావ్‌లో ఒక చిన్న హాల్లో సినిమా అయిపోయి దీపాలు వెలిగాయి. దర్శకుడితో చర్చ మొదలయ్యేలోగా ముందు వరుసలో ఎవరో యాలక్కాయ కొరికినట్టున్నారు, ఆ వాసన నా దాకా వచ్చింది. దర్శకుడి మాటలు అనువదించడానికి మైకు పట్టుకుని నిలబడ్డదాన్ని, ఒక్క క్షణం ఎక్కడున్నానో మరిచిపోయాను. శారద గారు మైకు అందుకునే ముందు ఎప్పుడూ ఒక యాలక్కాయ నోట్లో వేసుకునేవారు. గొంతు కోసమా అని అడిగితే, "కాదమ్మా, నా సొంత మాటలు బయటికి రాకుండా" అని నవ్వేవారు. అప్పట్లో అది హాస్యమే అనుకున్నాను.

ఆవిడది తెనాలి వైపు. సైన్యంలో ఉన్న భర్తతో దేశమంతా తిరిగి, ఆయన రిటైరయ్యాక ఢిల్లీలో స్థిరపడి స్పానిష్ పాఠాలు చెప్పేవారు. ఒక విదేశీ సాంస్కృతిక కేంద్రాన్ని ఒప్పించి, నెలకోసారి అక్కడ సినిమాలు వేయించేవారు. తారలూ పాటలూ లేని చిన్న సినిమాలు, మన థియేటర్లకు ఎన్నడూ రానివి. తీసినవాళ్ళు కూడా వచ్చి, చూసినవాళ్ళతో మాట్లాడేవారు. మధ్యలో దుబాసీ శారద గారే. ఇలాంటి చోట్లకు మామూలుగా ఖాదీ కుర్తాల మేధావులే వస్తారు. ఆవిడ మాత్రం ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్ల నుంచీ, కంటోన్మెంటు నుంచీ తెలిసినవాళ్ళను ఆటోలెక్కించి మరీ తెచ్చేవారు. నన్నెవరూ తేలేదు. ముఖర్జీ నగర్‌లో సివిల్స్ కోచింగు, కిటికీ లేని గది, జూన్ ఎండలు. హాల్లో ఉచితంగా ఏసీ అని విని వెళ్ళాను. అదీ నా కళాభిమానం.

ఆ రోజు సినిమాలో ఒక ముసలాయన ఇల్లు తలుచుకుంటూనే చివరిదాకా తిరిగి వెళ్ళడు. అదెందుకో అడగాలని చెయ్యెత్తి, ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడి, సిగ్గుతో కూర్చోబోయాను. "ఏ ఊరమ్మా?" అన్నారు మైకులోనే. నంద్యాల అన్నాను. "మరి తెలుగులోనే అడుగు. ఆయనకి చేర్చడం నా పని."

"ఆ ముసలాయప్ప ఇంటికి యాల పోల్యా మేడమ్? పోవల్లని ఉండె గదా ఆయప్పకు?" అని అడిగేశాను. ఆవిడ అది స్పానిష్‌లో చెప్పగానే దర్శకుడు నా వైపు తిరిగి చాలాసేపు మాట్లాడాడు. మెయిన్స్ పోయి, ఇంట్లో కూడా నా మాట ఎవరూ వినని రోజులవి. ఖండాంతరం నుంచి వచ్చిన మనిషి నా ప్రశ్నకు జవాబు వెతుక్కుంటుంటే ఏడుపొచ్చింది. మర్నాడే ఆవిడ దగ్గర స్పానిష్‌లో చేరాను.

ఇంకోసారి ఆర్.కె. పురం నుంచి వచ్చిన ఒక సెక్షనాఫీసరు గారు లేచి, "అచ్ఛా, సినిమా బానే ఉంది కానీ, మధ్యలో నాకు నిద్రొచ్చేసిందండీ, ఎందుకలా సాగదీశారు?" అన్నారు. హాలంతా బిగుసుకుపోయింది. శారద గారు నిద్రతో సహా అంతా చెప్పేశారు. దర్శకుడు పగలబడి నవ్వి, "మా ఆవిడకూ అక్కడే వస్తుంది" అన్నాడు. తరువాత టీ దగ్గర ఆ ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని, ఒకరి భాష ఒకరికి రాకపోయినా కబుర్లాడుకున్నారు. మాటను మెత్తబరిచి ఉంటే ఆ టీ ఉండేది కాదని దారిలో శారద గారు నాతో అన్నారు.

స్పానిష్ పట్టుబడ్డాక ఆవిడ నాకు మైకు ఇచ్చిన మొదటి రోజున దర్శకుడేదో కటువుగా అన్నాడు. అది చెబుతూ, నా మాట కాదు సుమా అన్నట్టు అతని వైపు చెయ్యి చూపించాను. ఆవిడ పక్క నుంచి నా చేతిని మెల్లగా కిందికి నొక్కారు. "చెయ్యి దించు. చాడీలు చెప్తున్నావా? ఆయన 'నేను' అంటే నువ్వూ 'నేను' అనాలి. మాట చేరాక అది మనది కాదని జనానికే తెలుస్తుందిలే." జనం మీద ఆవిడకు అంత నమ్మకం.

ఆ నమ్మకం ఒక్క సాయంత్రంతో పోయింది. దర్శకుడి దేశం పేరు చెప్పను, తప్పు ఆ దేశానిది కాదు. భర్త యుద్ధంలో చనిపోయిన ఒక పిల్లల తల్లి కథ. వార్త తెలిశాక ఆమె పొద్దుగూకేదాకా అద్దం ముందు కూర్చుంటుంది. సినిమా అయ్యాక లక్ష్మి గారు లేచారు. ఆవిడ కంటోన్మెంటులో ఉండే ఒక హవల్దారు భార్య, శ్రీకాకుళం మనిషి. శారద గారే వెంటబెట్టుకొచ్చారు. "మా పక్క కోర్టర్స్‌లో ఇలాగే కబురొచ్చిందండి. ఆయమ్మ ఏడుస్తానే పిల్లలకి అన్నమెట్టింది. మరి ఈ సినిమాలో పిల్లలకి ఎవరెట్టారండి? ఆళ్ళేటయిపోయారు?"

అంతకన్నా మంచి ప్రశ్న ఆ హాల్లో నేను వినలేదు. శారద గారు పొల్లుపోకుండా చెప్పారు. దర్శకుడు పెదవి విరిచి జవాబిచ్చాడు. ఆవిడ యాలక్కాయ నమలడం ఆపేశారు. ముందు హిందీలో, తరువాత లక్ష్మి గారి కళ్ళలోకి చూస్తూ తెలుగులో చెప్పారు. "నేను వంటింటి ఆడవాళ్ళ కోసం సినిమాలు తీయను. ఈవిడ ఇంట్లో సీరియళ్ళు చూసుకుంటే మంచిది."

లక్ష్మి గారి ముఖం నల్లబడింది. "టీచర్‌గారూ, మీరు పిలిస్తేనే కదా వచ్చాను!" అన్నారు. వెనక నుంచి కేకలు మొదలయ్యాయి, అన్నీ శారద గారి మీదే. ఆవిడ ఒక్క మాట సొంతంగా అనొచ్చు, అది నేనన్నది కాదని. అనలేదు. తన మీద పడుతున్న తిట్లను కూడా స్పానిష్‌లో దర్శకుడికి చేరుస్తూ నిలబడ్డారు. కేంద్రం మేనేజరు వచ్చి, "బస్ మేడమ్, ప్లీజ్" అని, ఇక చాలన్నట్టు ఆవిడ చేతిలోంచి మైకు లాక్కున్నాడు. నేను పరుగెత్తుకెళ్ళి "వో డైరెక్టర్ నే కహా థా" అని, ఆ మాటన్నది దర్శకుడేనని అరిచాను. ఎవరికీ వినబడలేదు. ఇంకెవరో మైకు తీసుకుని, దర్శకుడికి భారతీయ మాతృమూర్తులంటే ఎంతో గౌరవమని చెప్పాడు. చప్పట్లు! దర్శకుడికి శాలువా కప్పారు. తిట్టినవాళ్ళే అతని పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వచ్చే నెల నుంచి చర్చ ఇంగ్లీషులోనే అన్నారు. శారద గారిని పిలవలేదు. హాలు పోయినందుకు ఆవిడ బాధపడినట్టు కనిపించలేదు. "లక్ష్మితో ఒకసారి మాట్లాడాలే" అని మాత్రం పదేపదే అనేవారు. ఫోను ఎత్తకపోతే ఇద్దరం కంటోన్మెంటుకు వెళ్ళాం. క్వార్టరుకు తాళం. పోస్టింగు మారి వెళ్ళిపోయారట, ఎక్కడికో పక్కింటివాళ్ళకు తెలియదు. ఆ తరువాత శారద గారు ఏ సినిమాకూ రాలేదు. పోయిన చలికాలంలో కన్నుమూశారు. ఆ టీచరే తనను అంత మాట అన్నదని లక్ష్మి గారు ఏదో ఊళ్ళో ఈనాటికీ అనుకుంటూ ఉంటారు.

నిన్నటి హాలు నిర్వాహకులు ముందే చెప్పారు, "థోడా సాఫ్ట్ రఖియేగా" అని, కటువు మాటలుంటే కాస్త మెత్తబరచమని. గ్రేటర్ నోయిడా నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఒక విద్యార్థిని ప్రశ్న అడిగింది. ఇంత మొద్దు ప్రశ్నకు తాను జవాబివ్వనన్నాడు దర్శకుడు. నేను దాన్ని మెత్తబరచలేదు. ఆవిడ నేర్పినట్టే, ఉన్నది ఉన్నట్టు, "నేను" అనే మొదలుపెట్టాను. కాకపోతే చెప్పినంతసేపూ నా కుడిచెయ్యి బారుగా చాచి అతని వైపే చూపిస్తూ నిలబడ్డాను. మీరు చూస్తే ఒప్పుకోరు శారద గారూ. అయినా సరే, ఈ చెయ్యి మాత్రం దించను.