ఎవరి గుండెబంటి?

గోదావరి మీద లాంచీల పెత్తనం ఇంకా మొదలుకాని రోజులవి. పాల్వంచ కార్ఖానాల్లో ఉద్యోగం దొరికినవాడు మా ఊళ్లో మనిషి, దొరకనివాడు నలుగురి నోళ్లలో నానే సరుకు. ఇంటర్ తప్పిన నేను రెండో రకం. పనీపాటా లేనివాడికి పౌరుషం ఎక్కువంటారు కదా, ఎవరైనా ఒక పని కాదంటే చాలు, అది అవుతుందని నిరూపించేదాకా నాకు అన్నం సయించేది కాదు. (ఇప్పటికీ సయించదు. కాకపోతే ఇప్పుడు డాక్టరే అన్నం తగ్గించమన్నాడు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోవడం లేదు.) చెవిటివాడు పడవ నడపలేడని మా మేనమామ ఆ రోజు అనకపోయి ఉంటే, నేను ఈ జన్మలో పడవ తోసే గెడ ముట్టేవాణ్ణే కాదు.

చెవిటివాడంటే నా ప్రాణస్నేహితుడు, బజార్లో దర్జీ గారి పెద్దకొడుకు. పుట్టుచెవుడు కావడంతో మాట కూడా రాలేదు. ఆరడుగులు దాటిన మనిషి, ఊరంతా నిచ్చెన అని పిలిచేది. మేమిద్దరం కలిసి నడుస్తుంటే నిచ్చెన నుంచి కింది మెట్టు ఊడి పక్కన నడుస్తున్నట్టుందని మా అమ్మే అంది. (కన్నతల్లి అనదగిన మాటేనా అది?) వాళ్ల నాన్న వాణ్ణి దుకాణం మూలన కూర్చోబెట్టి పొద్దస్తమానం కాజాలు కుట్టించేవాడు. ఆ పొడుగు కాళ్లు ముడుచుకుని వాడు పడే అవస్థ చూడలేకపోయేవాణ్ణి. సాయంత్రం కాగానే రేవుకు పరుగెత్తుకొచ్చి, తెరచాప ఎత్తుకుని వచ్చే పడవల్ని ఆకలిగొన్నవాడు పళ్లెం చూసినట్టు చూసేవాడు. ఒకనాడు మామ పడవ చుక్కానిని వేలితో చూపించి, తన రొమ్ము మీద దబదబ గుద్దుకున్నాడు. నాకు అదే కావాలని దానర్థం.

మామ కింది అడవి ఊళ్ల నుంచి చింతపండు, ఇప్పపువ్వు బస్తాలు భద్రాచలం రేవుకు తెచ్చేవాడు. దిగేటప్పుడు పడవను నీరే తీసుకుపోయేది, ఎక్కేటప్పుడు పైరగాలికి తెరచాప ఎత్తాలి. నిచ్చెనను పనిలో పెట్టుకొమ్మని నేను అడిగితే మామ చుట్ట కూడా నోట్లోంచి తియ్యలేదు.

"పిలిస్తె పలకనోడు పడవ మీద ఎందుకురా అల్లుడా? ఇడువుమంటె ఇడువాలె, తిప్పుమంటె తిప్పాలె. గాడు మొకాలు జూస్కుంట కూసుంటె అందరం మునుగుతం."

పలికితే పెట్టుకుంటావా అని రెట్టించాను. పలికినంక చూద్దామన్నాడు. నాకు అంతే చాలు. పడవ ఖాళీగా ఉన్న మధ్యాహ్నాలు మాకిమ్మని అడిగి తీసుకున్నాను. పడవ నడపడం నాకు ఎంతవరకు వచ్చు అని మాత్రం దయచేసి అడగకండి. మామ వెనక నాలుగుసార్లు కూర్చుని వెళ్లిన అనుభవం ఉంది, గురువుకు ఆ మాత్రం చాలదా?

గురువు మొదటి పాఠం అరుపుతో మొదలుపెట్టాడు. తెరచాప ఫటఫటమని కొట్టుకుంటే మోకు బిగించాలని చెప్పడానికి, వినపడని మనిషి ముందు నిలబడి, వినపడే గుర్తు గురించి, గొంతు చించుకుని అరిచాను. అవతలి ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్లు ఎవరు సచ్చిండ్రని అడిగారు. నిచ్చెన మాత్రం నన్ను జాలిగా చూసి, కళ్లు మూసుకుని, మెడ అటూ ఇటూ తిప్పాడు. ఏ చెవి చల్లబడితే గాలి అటునుంచి వస్తున్నట్టు. ఆ చెవులు వినడానికి తప్ప అన్నిటికీ పనికొచ్చేవి.

అసలు తంటా చేతులతో వచ్చింది. మా మాటలన్నీ చేతులతోనే కదా, వాడి ఒక చేతిలో చుక్కాని, రెండో చేతిలో మోకు. నన్ను తిట్టాలంటే రెండూ వదలాలి. వాడు నన్ను తిట్టకుండా ఉండలేడు, నేను తిట్లు పడే పని చెయ్యకుండా ఉండలేను. అందుకని మాకు పోట్లాట వచ్చినప్పుడల్లా పడవ గోదారి నడుమ గిర్రున తిరిగేది. చివరికి కాళ్లు గుర్తొచ్చాయి. నేను ముందు నిలబడి పడవ పలక మీద మడమతో తన్నితే ఆ అదురు వాడి అరికాళ్లకు చేరేది, వాడు తిరిగి తన్నేవాడు. ఒక తన్ను పిలుపు, ఒక తన్ను పలుకు. మామ అడిగిన పలుకు దొరికింది. (వాడి పలుకులో కోపం ఎంతుందో కూడా పలక ద్వారా నాకు చక్కగా తెలిసేది.)

ఇక లోతు. ఎండాకాలం గోదారిలో ఇసుకమేటలు నిన్న ఉన్నచోట ఇవాళ ఉండవు. ముందు నిలబడ్డవాడు గెడ ముంచి, మోకాలుబంటి, నడుంబంటి, గుండెబంటి అని కేకేస్తుంటే వెనకవాడు దారి చూసుకోవాలి. మా పెద్దలు లోతుకు పెట్టిన పేర్లన్నీ ఒంటిమీదివే కాబట్టి మాకు కొత్త సైగలు కనిపెట్టే శ్రమ లేకపోయింది. గెడ తడి ఎంతవరకు ఉందో నా ఒంటికి ఆనించి చూసుకుని, వెనక్కి తిరిగి ఆ చోటు తట్టేవాణ్ణి. వాడు తల ఊపి చుక్కాని తిప్పేవాడు. ఖాళీ పడవ హంసలా తేలింది. నాకంటే గొప్ప గురువు ఈ జిల్లాలో లేడనుకున్నాను.

చూసి చూసి మామ ఒక మాట ఇచ్చాడు. నిండు బస్తాలతో పడవను రేవుకు తెస్తే చుక్కాని వాడిదే, తేలేకపోతే మళ్లీ ఈ వైపు రాకూడదు. నిండు పడవకు గుండెబంటి నీళ్లు కావాలని మరీ మరీ హెచ్చరించాడు. బయలుదేరే ముందు రోజు వాడి అమ్మ నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"బేటా, నీళ్లల్ల పడితె గాడు కేక గూడ ఎయ్యలేడు. నాకు ఎట్ల ఎర్కైతది?"

తల్లి పెదాలు చూసి విషయం గ్రహించిన నిచ్చెన మా ఇద్దరి మధ్యకు వచ్చి, వేళ్ల మధ్య సూది పట్టుకున్నట్టు చూపించి, కళ్లు మూసి, తల వాల్చేశాడు. ఆ మూలన కూర్చుంటే అక్కడే చస్తానన్నాడు. ఆమె లోపలికి వెళ్లి మాకు దారిలోకి రొట్టెలు చుట్టి ఇచ్చింది.

మర్నాడు కింది ఊళ్లో బస్తాలు ఎక్కించుకుని తిరిగి బయలుదేరేసరికి గాలి బాగా కుదిరింది. మామ చేతులు కట్టుకుని బస్తాల మీద కూర్చున్నాడు. నేను తన్నడం, వాడు పలకడం, నేను గుండె తట్టడం, వాడు తిప్పడం. రేవు మెట్లు కనిపించేసరికి మామ ముఖం కూడా కాస్త మెత్తబడింది. గెడ ముంచాను. తడి నా గుండెదాకా ఉంది. ధీమాగా గుండె తట్టాను. మరుక్షణం పడవ ఇసుకమేట ఎక్కి ఠక్కున ఆగింది, నేను ఆగకుండా ముందుకు పోయి గోదారిలో పడ్డాను.

రేవులో స్నానాలు చేసేవాళ్లు, బస్తాల కోసం కాచుకున్న హమాలీలు, అందరూ చూశారు. చెవిటోనికి చుక్కానిస్తె గింతేనని ఎవరో అన్నారు, మిగతావాళ్లు నవ్వారు. మామ లేచి, "ఇగ చాలు, దిగుమను గాన్ని" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సైగ సరిగ్గా చేశాను, వాడు సరిగ్గా తిప్పాడు, మరి పడవ ఎందుకు ఆగినట్టు? నీళ్లలో నిలబడే మామతో వాదానికి దిగాను. నిచ్చెనకు ఒక్క మాట వినపడకపోయినా ముఖాలన్నీ అర్థమయ్యాయి. తెరచాప దించి, మోకు కట్టేసి (అంత కోపంలోనూ కట్టాడు చూడండి), నీళ్లలోకి దూకాడు. నా దగ్గరికి వచ్చి, తన నడుం చూసుకున్నాడు. నీళ్లు అక్కడిదాకానే ఉన్నాయి. నన్ను చూశాడు. నేను మొండిగా మళ్లీ గుండె తట్టాను. నీళ్లు నాకు నిజంగానే గుండెదాకా ఉన్నాయి మరి.

వాడు నా చొక్కా కాలరు పట్టుకుని పక్కన నిలబెట్టుకున్నాడు. అరచెయ్యి నీళ్ల మీద బల్లపరుపుగా పెట్టి, నా గుండె నుంచి తన నడుందాకా మెల్లగా జరిపాడు. రేవు వైపు తిరిగి మరోసారి చేసి చూపించాడు. తర్వాత తన చెవులు రెండూ పట్టుకుని, కాదన్నట్టు వేలు ఊపి, ఆ వేలు నా నెత్తి మీద పెట్టి నొక్కాడు. తప్పు చెవులది కాదు, ఈ పొట్టివాడిదని.

రేవంతా ఒక్కసారి గొల్లుమంది. మామ నవ్వు ఆపుకోలేక బస్తాల మీద కూలబడ్డాడు. (తప్పు నాదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. గుండెబంటి అన్నప్పుడు ఎవరి గుండె అన్నది చెప్పాల్సిన బాధ్యత పెద్దలకు లేదా?) కళ్లు తుడుచుకుని మామ తీర్పు చెప్పాడు.

"చెవుల్లేకున్నా నడుస్తది గని, కొల్త లేకుంటె నడ్వదు. గాన్ని ఉండనీ. రేపటి సంది నువ్వు రాకు అల్లుడా."

నిచ్చెన నా తరఫున పోట్లాడతాడని వాడి వైపు చూశాను. మామ చుక్కానిని వాడికి, ఒడ్డును నాకు వేలితో చూపించాడు, అది అర్థం కాగానే వాడు సంతోషంగా తల ఊపాడు. ఇంటిదారిలో తడిబట్టలతో వాణ్ణి పట్టుకుని నిలదీశాను, ఇంత నేర్పిన నన్ను వదిలేస్తావా అని. వాడు ఆగి, నెమ్మదిగా చేతులతో చెప్పాడు. నువ్వు పడవ కోసం రాలేదు, నా కోసం వచ్చావు. నేను ఎక్కాను, ఇక నువ్వు దిగు.

అది వినగానే (విన్నాననే అంటాను, ఎవరేమన్నా సరే) నాకు ఏడుపొచ్చింది, అంతకుమించి కోపమొచ్చింది. తర్వాత చాలా ఏళ్లు వాడి తెరచాప మా రేవుకు వస్తూనే ఉంది. నేను, చివరికి నాకూ ఉద్యోగం దొరికిన పాల్వంచలో షిఫ్టు ముగించుకుని ఊరికి వచ్చినప్పుడల్లా గట్టు మీద నిలబడి చెయ్యి ఊపేవాణ్ణి. చుక్కాని మీద ఒక చెయ్యి, మోకు మీద ఒక చెయ్యి పెట్టుకుని, నిటారుగా నిలబడి, నీళ్లనే చూస్తూ వచ్చేవాడు తప్ప ఒక్కసారీ తిరిగి ఊపలేదు. వీడికి ఇంత పొగరా అని అప్పటి నాలోని కుర్రాడు ఉడుక్కుంటూ ఇల్లు చేరేవాడు. ఇప్పుడు తలచుకుంటే ఆ ఉడుకుమోతును పిలిచి చెప్పాలనిపిస్తుంది, ఒరేయ్ పిచ్చోడా, వాడి చేతులకు పని దొరికిందిరా అని.